జుర్రేరు లోయలో సుమత్రా బూడిద



నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు అని ఒక చిన్న ఏరు ఉంది. ఒక పక్క ఎర్రమల కొండలు, నేల అడుగున నాపరాయి. ఆ లోయలో జ్వాలాపురం అనే ఊరి చుట్టుపక్కల ఎర్రమట్టిని కాస్త లోతుగా తవ్వితే తెల్లగా, పిండిలా మెత్తగా ఒక పొర బయటపడుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండు మీటర్లు దాటుతుంది. ఊరివాళ్లకు ఇదేమీ కొత్త కాదు. తవ్వి, బస్తాలకెత్తి అమ్మారు కూడా. గిన్నెలు తోమే పొడుల్లాంటి వాటిలో కలపడానికి అది బాగా పనికొచ్చింది. జిడ్డును గీకేసే గుణం ఉందన్నమాట. ఆ గుణం ఎందుకుందో కాసేపట్లో చెబుతాను.

అది కట్టెలు కాల్చిన బూడిద కాదు, సున్నపుమట్టి అంతకన్నా కాదు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అనే చోట సుమారు 74 వేల సంవత్సరాల కిందట పేలిన అగ్నిపర్వతం నుంచి గాలిలో వచ్చి పడింది. తోబాకూ జ్వాలాపురానికీ మధ్య దూరం 2,600 కిలోమీటర్లకు తక్కువుండదు. మధ్యలో బంగాళాఖాతం మొత్తం ఉంది.

ఇంత మాట అన్నాక మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. 74 వేల ఏళ్ల కిందట ఎవరు చూశారు? ఇండోనేషియా నిండా అగ్నిపర్వతాలే. అదే కొండ నుంచి, అదే పేలుడు నుంచి ఇది వచ్చిందని ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు ఆ బూడిదలోనే, కంటికి కనిపించని నలుసుల్లో ఉంది. ఆ నలుసుల్లో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే శాస్త్రాన్ని ఖనిజ రసాయనశాస్త్రం అంటారు. ఈ రోజు ప్రసంగం దాని గురించే. కానీ ముందు తోబాకు వెళ్లి రావాలి.

సుమత్రా ఉత్తర భాగంలో, మేదాన్ నగరానికి దక్షిణంగా, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఒక సరస్సు ఉంది. ఆ సరస్సు నిండిన గుంట పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. నీటి లోతు కొన్నిచోట్ల 500 మీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో సమోసిర్ అనే పెద్ద ద్వీపం. ఒడ్డునా ద్వీపం మీదా బతక్ ప్రజల ఊళ్లు, వరి పొలాలు. చూడ్డానికి కొండల నడుమ ఉన్న అందమైన సరస్సు, అంతే. అగ్నిపర్వతమంటే శంకువులా నిలబడి పొగ కక్కాలని మనకు ఒక బొమ్మ ఉంటుంది కదా, ఆ బొమ్మకు ఇది ఎక్కడా సరిపోదు. అందుకే ఇది అగ్నిపర్వతమని గుర్తించడానికి కాలం పట్టింది. డచ్చి భూవిజ్ఞాని వాన్ బెమ్మెలెన్ 1939లో ఈ గుంట అగ్నిపర్వత క్రియ వల్ల నేల కుంగి ఏర్పడిందని వివరించాడు.

ఇలాంటి గుంటను కాల్డెరా అంటారు. పేలుడుకు కొండ ఎగిరిపోతే మిగిలిన గొయ్యి అని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. నేల కింద కొన్ని కిలోమీటర్ల లోతున కరిగిన రాయి, అంటే శిలాద్రవం, విశాలంగా పోగై ఉంటుంది. దాని మీద ఉన్న నేల దానికి పైకప్పు. ద్రవం బయటికి రావడం మొదలైతే ఆ కప్పుకు కింద ఆధారం తగ్గుతుంది. చుట్టూ పగుళ్లు విచ్చుకుంటాయి, కప్పు కుంగుతుంది. కుంగే కప్పు కింది ద్రవాన్ని నొక్కుతుంది. నొక్కుడుకు ద్రవం ఆ పగుళ్ల నుంచే ఇంకా జోరుగా తన్నుకొస్తుంది. అలా కప్పు మొత్తం కిందికి దిగిపోయేదాకా సాగుతుంది. తోబాలో 100 కిలోమీటర్ల పొడవున ఇదే జరిగింది.

ఎంత వచ్చింది? రోజ్, చెస్నర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు 1987లో కట్టిన లెక్క ప్రకారం, బూడిదలోని గాలి ఖాళీలన్నీ తీసేసి గట్టి రాయిగా చూస్తే 2,800 ఘన కిలోమీటర్లు. ఆ తర్వాత వచ్చిన కొన్ని అంచనాలు ఇంతకన్నా ఎక్కువే చెబుతున్నాయి. ఘన కిలోమీటరంటే మనకు ఊహకు అందదు కాబట్టి టీఎంసీల్లో చెబుతాను. నాగార్జునసాగర్ కట్టినప్పుడు దాని నిల్వ 408 టీఎంసీలు. తోబా కక్కింది దాదాపు 99 వేల టీఎంసీలు. అంటే 240 సాగర్ జలాశయాల నిండా కరిగిన రాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పేలిన పినాటుబో ప్రపంచ వాతావరణాన్నే కాస్త చల్లబరిచింది, గుర్తుండే ఉంటుంది. దాని నుంచి వచ్చిన శిలాద్రవం సుమారు 5 ఘన కిలోమీటర్లు మాత్రమే.

తోబా ఒక్కసారి పేలి ఊరుకున్నది కూడా కాదు. సుమారు 12 లక్షల ఏళ్ల కిందట ఒకసారి, 8 లక్షల ఏళ్ల కిందట మరోసారి, 5 లక్షల ఏళ్ల కిందట ఇంకోసారి పేలింది. ఆఖరిది, అన్నిటికన్నా పెద్దది 74 వేల ఏళ్ల కిందటిది. ఈ నాలుగు పేలుళ్ల సంగతి గుర్తుంచుకోండి. మన జ్వాలాపురం బూడిద వీటిలో దేనిదన్నది తేల్చాల్సి వస్తుంది.

ఇక బూడిదను దగ్గరగా చూద్దాం. చిటికెడు బూడిదను కడిగి, ఆరబెట్టి, గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెడితే కనిపించేవి గాజుపెంకులు. రంగులేనివి, అంచులు కత్తిలా ఉన్నవి. కొన్ని విల్లులా వంగి ఉంటాయి, కొన్నిటికి మూడు కొమ్ములుంటాయి. శిలాద్రవంలో కరిగి ఉన్న నీరు ఒత్తిడి తగ్గగానే ఆవిరై బుడగలు కట్టింది. బుడగలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పగిలాయి. ఆ బుడగల గోడల ముక్కలే ఈ పెంకులు. మూడు బుడగలు కలిసిన మూల మూడు కొమ్ముల ముక్క అయింది. గిన్నెల మీది జిడ్డును గీకింది ఈ పెంకులే. ఇంత పదునైన పొడిని ముక్కుకు గుడ్డ కూడా లేకుండా పారలతో ఎత్తిపోసిన కూలీల ఊపిరితిత్తుల సంగతి ఎవరైనా పట్టించుకున్నారో లేదో నాకు తెలియదు.

గాజుపెంకుల మధ్య అక్కడక్కడా నల్లగా మెరిసే రేకులు, తెల్లటి గింజలు ఉంటాయి. ఇవి స్ఫటికాలు. పేలడానికి ఎంతో ముందే, ద్రవం ఇంకా నేల కింద ఉండగానే, అందులో పుట్టి పెరిగినవి. తోబా దగ్గర గట్టిపడిన రాతిలోనైతే ఇవి బరువులో 12 నుంచి 40 శాతం దాకా ఉంటాయి. వీటి పేర్లు వింటే కొత్తగా అనిపించవచ్చు గానీ చాలావాటిని మనం ఎరుగుదుం. క్వార్ట్జ్ అంటే మన పలుగురాయి. బయొటైట్ అంటే నల్ల అభ్రకం, గూడూరు గనుల్లోని తెల్ల అభ్రకానికి దగ్గరి చుట్టం. మాగ్నటైట్, ఇల్మనైట్, జిర్కాన్: మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లో ఇసుకను నల్లగా చేసే బరువు ఖనిజాల్లో ఇవీ ఉన్నాయి. వీటికి తోడు రెండు రకాల ఫెల్డ్‌స్పార్, హార్న్‌బ్లెండ్, చాలా కొద్దిగా అలనైట్. అలనైట్ పేరు మాత్రం మీరు విని ఉండరు. ఈ కథలో అసలు సాక్షి అదే, దాని వంతు వస్తుంది.

ఈ ఖనిజాల్లో ఏముందో కొలవడానికి వాడే యంత్రం ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్. ఫ్రాన్సులో రేమాన్ కాస్టేన్ అనే ఆయన 1951లో తన డాక్టరేట్ పరిశోధనగా దీన్ని సిద్ధం చేశాడు. పని ఇలా సాగుతుంది. బూడిద నుంచి ఏరిన రేకులను జిగురులో పోసి గట్టిపరుస్తారు. అద్దంలా నునుపు తేలేదాకా అరగదీస్తారు. పైన పలచగా కార్బన్ పూత పూస్తారు. గాలి తీసేసిన గదిలో పెట్టి, ఒక మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని చోట మీద ఎలక్ట్రాన్ల ధార వదులుతారు. దెబ్బ తగిలిన పరమాణువులు ఎక్స్‌రేలు విడుస్తాయి. ఇనుము విడిచే కిరణం వేరు, మెగ్నీషియం విడిచేది వేరు. ఏది ఎంత వచ్చిందో లెక్కపెడితే ఆ చోట ఏ మూలకం ఎంతుందో తేలుతుంది. తర్వాత ధారను కాస్త పక్కకు జరిపి మళ్లీ కొలుస్తారు. ఒకే గింజను నడిమి నుంచి అంచు దాకా ఇలా చుక్కలు చుక్కలుగా చదవచ్చు.

చదివితే ఏం తెలుస్తుందంటారా? ముందు వేడి. మాగ్నటైట్, ఇల్మనైట్ రెండూ ఇనుము, టైటానియం ఉన్న ఆక్సైడులే. ఒకే ద్రవంలో పక్కపక్కన పెరిగినప్పుడు ఈ రెండూ ఇనుమును, టైటానియంను ఎలా పంచుకుంటాయన్నది ఆ ద్రవం ఎంత వేడిగా ఉంది, అందులో ఆక్సిజన్ ఎంతమాత్రం ఉంది అన్న రెండిటి మీద ఆధారపడుతుంది. బడింగ్టన్, లిండ్‌స్లీ అనే ఇద్దరు 1964లో దీన్ని కొలతకు తెచ్చారు. తోబా రాళ్లకు ఈ పద్ధతిలో తేలిన వేడి 700 నుంచి 780 డిగ్రీల సెల్సియస్. ఇది చాలా తక్కువ. మన వికారాబాద్ అనంతగిరి కొండల్లోనూ రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ ఉన్న నల్లరాయి, అంటే బసాల్ట్, నేల పగుళ్ల నుంచి సుమారు 1,100 డిగ్రీల పైచిలుకు వేడితో పారింది. అందుకే నీళ్లలా పరుచుకుంది. తోబా ద్రవం అంతకన్నా 300, 400 డిగ్రీలు చల్లన. పైగా బసాల్టులో సిలికా 50 శాతం దగ్గర ఉంటే తోబాలో 68 నుంచి 76 శాతం. చల్లదనం, సిలికా రెండూ కలిసి దాన్ని కదలనివ్వని చిక్కటి జిగురు చేశాయి. జిగురులో చిక్కిన బుడగ తప్పించుకోలేదు. చివరికి రాతినే పగలగొట్టుకుని బయటపడుతుంది. దక్కన్ లావా పారడానికీ తోబా పేలడానికీ ఉన్న తేడా ఇదే.

తర్వాత లోతు. హార్న్‌బ్లెండ్ పెరిగేటప్పుడు పైనున్న రాళ్ల ఒత్తిడి ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ అల్యూమినియం తనలోకి తీసుకుంటుంది. అలాంటి లెక్కల్లో తోబా ద్రవం సుమారు 10 కిలోమీటర్ల లోతున నిలిచి ఉందని వచ్చింది. ఇక నీరు. పలుగు గింజలు పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ద్రవపు బొట్లను తమలో మూసేసుకున్నాయి. బయటి ద్రవం పేలి ఆవిరిని పోగొట్టుకున్నా, పలుగులో బందీ అయిన బొట్టు ఆనాటిదాన్ని ఆనాటిదిగానే దాచింది. దాన్ని కొలిస్తే బరువులో 4 నుంచి 5 శాతానికి పైగా నీరు. తక్కువని కొట్టిపారేయకండి. 2,800 ఘన కిలోమీటర్ల ద్రవంలో అది ఎంత ఆవిరో ఊహించండి.

ఆ నీరు, ఆ ద్రవం అసలు ఎక్కడి నుంచి వచ్చాయి? సుమత్రా పడమటి తీరానికి ఆవల సముద్రం అడుగున ఒక లోతైన కందకం ఉంది. మన దేశం కూర్చున్న వైపు నుంచి వచ్చే సముద్రపు భూపలక అక్కడ సుమత్రా కిందికి దూరుతోంది. 2004 డిసెంబరు 26న సునామీ తెచ్చిన భూకంపం ఆ హద్దు మీదే పుట్టింది. ఆ అల మన కోస్తా దాకా వచ్చి ప్రాణాలు తీసింది. దూరే పలకలోని ఖనిజాల్లో నీరు బంధమై ఉంటుంది. లోతుకు వెళ్లి వేడెక్కేకొద్దీ ఆ నీరు విడిపోయి పైనున్న మాంటిల్ రాతిలోకి, అంటే భూమి పైపెచ్చు కింది రాతిలోకి ఎక్కుతుంది. పొడి రాయి కరగని వేడి దగ్గరే తడి రాయి కరుగుతుంది. అలా పుట్టిన బసాల్టు ద్రవం పైకి వచ్చి, సుమత్రా ఖండపు పాత రాళ్ల కింద చిక్కుకుంటుంది.

ఇక్కడ శాస్త్రజ్ఞుల మధ్య పాత వాదన ఒకటి ఉంది. సిలికా నిండిన ద్రవం ఎలా తయారవుతుంది? బసాల్టు చల్లబడుతూ బరువు ఖనిజాలను అడుగున వదిలేస్తే మిగిలిన ద్రవంలో సిలికా పెరుగుతుంది. అది ఒక దారి. బసాల్టు వేడికి పక్కనున్న పాత గ్రానైటు రాళ్లు కరిగి కలవడం రెండో దారి. తోబాలో రెండో దారి కూడా నడిచిందని చెప్పే సాక్ష్యం స్ట్రాన్షియంలో ఉంది. రుబీడియం అనే మూలకంలో ఒక రకం ఎంతో నెమ్మదిగా క్షయమై స్ట్రాన్షియం 87గా మారుతుంది. రుబీడియం ఎక్కువగా ఉన్న పాత ఖండపు రాళ్లలో ఇది కోట్ల ఏళ్లుగా పోగవుతూ వచ్చింది. స్ట్రాన్షియం 86తో దాని నిష్పత్తి మాంటిల్ నుంచి వచ్చిన ద్రవంలో 0.703, 0.704 ప్రాంతంలో ఉంటుంది. తోబా రాళ్లలో 0.713 దాటింది. రెండో దశాంశ స్థానంలో తేడాకు ఇంత గోలెందుకని మీకు అనిపిస్తే తప్పులేదు. ఈ శాస్త్రంలో అది చాలా పెద్ద తేడా. ఆ ద్రవం పాత ఖండాన్ని గట్టిగానే మింగిందని దాని అర్థం.

పలుగు గింజల్లోని ఆక్సిజన్ ఇంకో విషయం చెప్పింది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో తోబా పలుగు గింజల నడిమి భాగం, అంచు విడివిడిగా కొలిచారు. దాదాపు 40 శాతం గింజల్లో అంచుల దగ్గర బరువైన ఆక్సిజన్ వాటా తగ్గింది. గ్రానైటు నడుమ నిలిచిన ద్రవంలో పెరిగిన గింజకు చివరి రోజుల్లో వేరే సరుకు తగిలిందన్నమాట. వేడినీళ్లు పారి మారిపోయిన పైకప్పు రాళ్లు విరిగి ద్రవంలో కలిశాయని ఆ పరిశోధకుల వాదన. కప్పు కుంగకముందే పెచ్చులూడడం మొదలైందన్నమాట. నాకు ఈ వాదన నచ్చుతుంది, ఎందుకంటే కాల్డెరా కథలో అందరూ పేలుడునే చూస్తారు, పైకప్పును మరిచిపోతారు.

ఇప్పుడు అలనైట్. ఆవగింజలో సగం కూడా లేని గోధుమరంగు గింజ. లాంథనం, సీరియం వంటి అరుదైన మృత్తిక మూలకాలు దీని తిండి. థోరియం కూడా దండిగా తీసుకుంటుంది. యురేనియం, థోరియంల క్షయాన్ని బట్టి గింజలో ఏ భాగం ఎప్పుడు పెరిగిందో లెక్కకట్టవచ్చు. ద్రవం చల్లబడి స్ఫటికాలు వేసేకొద్దీ లాంథనం తగ్గుతుంది, మెగ్నీషియంతో పోలిస్తే మాంగనీస్ పెరుగుతుంది. కొత్త వేడి ద్రవం వచ్చి కలిస్తే మళ్లీ వెనక్కు తిరుగుతుంది. అంటే ఒకే గింజలో కాలమూ, ఆ కాలంలో ద్రవం తీరూ రెండూ పక్కపక్కన నమోదయ్యాయి.

వాజ్‌క్వెజ్, రీడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2004లో తోబా అలనైట్‌లను ఇలా చదివారు. ఆ గింజల్లో కనీసం లక్షా యాభై వేల ఏళ్ల చరిత్ర దొరికింది. అందులో లక్షా పది వేల ఏళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. ద్రవం దాదాపు ఒకే తీరుగా, నిలకడగా ఉండిపోయింది. ఆఖరి 35 వేల ఏళ్లలో మాత్రం రకరకాల ద్రవాలు వచ్చి చేరాయి, నిల్వ పెరిగింది, ఆ తర్వాత పేలింది. ఇంత పెద్ద పేలుడుకు ముందు లక్ష ఏళ్ల నిద్ర ఉందన్నది ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సంగతి. మనిషి రాసిపెట్టుకున్న చరిత్ర అంతా ఆ నిద్రలో ఒక మూలకు సరిపోతుంది.

ఇంకో చిన్న మాట. నేల కింద ఒకే పెద్ద తొట్టి నిండా ఒకే ద్రవం ఉందని పాఠ్యపుస్తకాల్లో బొమ్మ వేస్తారు. తోబా గాజులో బేరియం కొలిస్తే ఒక్క పేలుడు బూడిదలోనే నాలుగు వేర్వేరు గుంపులు బయటపడ్డాయి. అంటే ద్రవం కొన్ని విడి మడుగులుగా ఉండి ఒకేసారి బయటికి వచ్చింది. పాఠ్యపుస్తకం బొమ్మను ఎప్పుడు మారుస్తారో చూడాలి.

సరే, మళ్లీ మన జుర్రేరు లోయకు వద్దాం. జ్వాలాపురం బూడిద గాజు కూర్పు తోబా గాజుతో సరిపోయింది. అయితే తోబా నాలుగుసార్లు పేలిందన్నాను కదా. ఎనిమిది లక్షల ఏళ్ల కిందటి గాజుకూ 74 వేల ఏళ్ల కిందటి గాజుకూ ప్రధాన మూలకాల్లో తేడా పెద్దగా లేదు. పైగా గాజు మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉంటే నీరు పీలుస్తుంది, సోడియం పోగొట్టుకుంటుంది. ఒక్క గాజునే నమ్ముకుంటే పొరపాటు పడే వీలుంది. ఇక్కడ పనికొచ్చింది నల్ల అభ్రకం. పలచటి రేకు కాబట్టి గాలిలో తేలుతూ ఇంత దూరం వచ్చింది. దానిలో ఇనుము, మెగ్నీషియంల పాళ్లు ఒక పేలుడుకు ఒక తీరుగా ఉన్నాయి. మన దేశంలో దొరికిన బూడిద అభ్రకాలను మైక్రోప్రోబ్ కింద పెట్టి తోబావాటితో పోలిస్తే, అవి ఆఖరి పేలుడుతోనే సరిపోయాయి. 2011లో వచ్చిన ఫలితమిది.

ఇది ఒక్క జ్వాలాపురం సంగతి కాదు. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలో, మహారాష్ట్రలో కుక్డి నది ఒడ్డున బోరి దగ్గర, మన సగిలేరు లోయలో ఇదే బూడిద ఉంది. బోరి బూడిద దగ్గర దొరికిన రాతి పనిముట్లను బట్టి, కొన్ని వయసు కొలతలను బట్టి అది లక్షల ఏళ్ల పాతదని పురాతత్వవేత్తలు కొందరు చాలాకాలం వాదించారు. బూడిద వయసు మారితే దాని పక్కనున్న పనిముట్ల వయసూ మారుతుంది. ఒక అభ్రకపు రేకులోని మెగ్నీషియం మీద ఎంత పేచీ ఆధారపడిందో చూడండి.

జ్వాలాపురంలో కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్, బ్రిటన్ నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వకాలు చేసి 2007లో ఫలితాలు ప్రకటించింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పైన కూడా దొరికాయి. కింది మట్టి వయసు సుమారు 77 వేల ఏళ్లు, పైదాని వయసు సుమారు 74 వేల ఏళ్లు అని తేలింది. పనిముట్ల తీరు పెద్దగా మారలేదు. ఇంకో వివరం: నేరుగా ఆకాశం నుంచి పడ్డ బూడిద కొన్ని సెంటీమీటర్లే. మిగతాది చుట్టుపక్కల గట్ల మీద పడి, వానలకు కొట్టుకొచ్చి పల్లంలో చేరింది. రెండు మీటర్ల బూడిద కింద మనుషులు పూడిపోయారని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇలా ఎందుకంటున్నానంటే, తోబా పేరు మీద ఒక భయంకరమైన కథ చాలా ప్రచారంలో ఉంది. పేలుడు తర్వాత భూమి ఏళ్ల తరబడి చలిలో గడ్డకట్టిందని, మనిషి జాతి కొన్ని వేలమందికి తగ్గిపోయిందని. 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు దీన్ని ఒక ప్రతిపాదనగానే ముందుకు తెచ్చాడు. టీవీ చానళ్లు దాన్ని తీర్పు చేసేశాయి. ఆఫ్రికాలో మలావీ సరస్సు అడుగు బురదలో కూడా తోబా గాజు దొరికింది. కానీ అక్కడ చెప్పుకోదగ్గ చలి జాడ కనిపించలేదని 2013లో తేలింది. జ్వాలాపురం పనిముట్లు చేసినవాళ్లెవరో చెప్పడానికి అక్కడ ఎముకలు లేవు. వాళ్లు మనలాంటి మనుషులా, వేరే జాతివాళ్లా అన్న వాదన నడుస్తూనే ఉంది. ఎవరైనా సరే, బూడిద పడ్డాక కూడా ఆ లోయలో రాళ్లు చెక్కే చేతులున్నాయి.

చలి తెచ్చేది బూడిద కాదు, గంధకం. పైపొరల్లోకి చేరిన గంధకం ఆమ్లపు తుంపరలుగా మారి సూర్యరశ్మిని తిప్పికొడుతుంది. బూడిద కొద్ది రోజుల్లో రాలిపోతుంది, ఈ తుంపరలు రెండు మూడేళ్లు నిలుస్తాయి. పలుగులో చిక్కిన ద్రవపు బొట్లలో గంధకం చాలా తక్కువగా కనిపించింది. తోబా ద్రవం చల్లనిది, సిలికా నిండినది కాబట్టి గంధకాన్ని కరిగించుకునే శక్తి దానికి తక్కువ. అయితే ద్రవంలో కరగని గంధకం పైన వాయువుగా పేరుకుని ఉండొచ్చు. పినాటుబోలో అలాగే జరిగిందని చాలామంది భావిస్తారు. వాయువు బొట్టులో చిక్కదు కాబట్టి ఈ లెక్క ఇంకా తెగలేదు. నా మొగ్గు మాత్రం చిన్న చలి వైపే ఉంది.

పేలుడు తర్వాత తోబా ఏం చేసింది? కుంగిన గుంటలో నీరు చేరి సరస్సు అయింది. అడుగున మళ్లీ ద్రవం చేరి నేలను పైకి నెట్టింది. సమోసిర్ ద్వీపం అలా లేచిందే. సరస్సు అడుగున పేరుకున్న బురద పొరలు ఇప్పుడు ఆ ద్వీపం మీద, నీటిమట్టానికి వందల మీటర్ల ఎత్తున కనిపిస్తాయి. 2014లో నేల సహజంగా కంపించే సన్నటి కదలికలను విని, 7 కిలోమీటర్ల లోతుకు దిగువన శిలాద్రవం చొచ్చి గట్టిపడిన అడ్డపొరలు ఒకదాని మీద ఒకటి పరిచి ఉన్నాయని కనుక్కున్నారు. అలనైట్‌లు చెప్పిన కథకు ఇది చక్కగా అతుకుతుంది. ద్రవం ఒక్కసారిగా రాలేదు, విడతలు విడతలుగా వచ్చి చేరింది.

పెద్ద పేలుడు జరిగిన 5 వేల ఏళ్ల నుంచి 13 వేల ఏళ్ల తర్వాత అక్కడ చిన్న చిన్న లావా గుట్టలు కూడా పుట్టాయి. వాటిలోని ఫెల్డ్‌స్పార్, జిర్కాన్ గింజలను రెండు వేర్వేరు గడియారాలతో కొలిచి 2021లో ఒక బృందం విచిత్రమైన సంగతి చెప్పింది. ఆ రాయి బయటికి రాకముందే, నేల కింద ఉండగానే గట్టిపడిపోయింది. గట్టి రాయినే కింది ఒత్తిడి పైకి నెట్టేసింది. అగ్నిపర్వతం పొంగాలంటే కింద కావలసినంత ద్రవం ఉండాలన్నది ఇన్నాళ్లూ హెచ్చరికలకు ఆధారం. భూకంప తరంగాలతో వెతికి, ద్రవం ఎక్కువగా కనిపించకపోతే ప్రమాదం లేదని చెప్పేవాళ్లు. తోబా గింజలు ఆ ధీమాను కాస్త కదిలించాయి. 2020లో యునెస్కో గ్లోబల్ జియోపార్కుగా గుర్తింపు పొందిన ఆ సరస్సు ఒడ్డున ఇప్పుడు ఏటా లక్షలమంది పర్యాటకులు, వాళ్లకన్నా ముందు నుంచీ బతక్ రైతులు ఉన్నారు. కింద ద్రవం ఎంత ఉందన్న ప్రశ్నకు తోడు, గట్టిపడిన పైపెచ్చు ఎంత వేడిగా ఉంది, దాన్ని నెట్టగల ఒత్తిడి ఎంత పేరుకుంది అన్న ప్రశ్నలు కూడా అక్కడి పరిశీలకుల చేతిలో పడ్డాయి.